మెసేజీలన్నీ ఒకే చోట ఉండాలి, ఒకే వరసలో కాదు

కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: వాట్సాప్, టెలిగ్రామ్, స్లాక్, టీమ్స్, మెసెంజర్ ఇవన్నీ ఒకే యాప్‌లో చూసుకునే వీలుందా అని. వీలుంది. అయితే ఆ ప్రశ్నలో రెండు వేర్వేరు కోరికలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, ఈ సర్వీసులన్నీ ఒకే కిటికీలో పక్కపక్కన, దేని గడిలో అది ఉండాలన్నది. రెండోది, ఎవరు ఎక్కడి నుంచి రాసినా ఆ మెసేజీలన్నీ ఒకే జాబితాలో, వచ్చిన క్రమంలో, కలగలిసి కనిపించాలన్నది. ఫ్రాంజ్, రామ్‌బాక్స్, ఫెర్డియం వంటివి మొదటి కోరికను తీరుస్తాయి. ఒకప్పటి ట్రిలియన్, పిడ్జిన్ మొదలుకొని ఇప్పటి బీపర్ వరకు ఉన్నవి రెండోదాని వైపు నడిచినవి. సాంకేతికంగా రెండో పనే కష్టం కనుక అదే గొప్పదని, మొదటిది అది చేతకానివాళ్లు చేసుకున్న సర్దుబాటని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. మెసేజీలను ఒకచోట చేర్చడం వల్ల కలిగే లాభమంతా వాటిని విడివిడిగా ఉంచుకోవడంలోనే ఉందని, కలిపేస్తే ఆ లాభం పోతుందని, పైగా కలపడానికి ఇవాళ ఉన్న దారులేవీ మన చేతుల్లో ఉన్నవి కావని నా వాదన.

నాది ఇంటి దగ్గర కూర్చుని చేసే అనువాదాల పని. పని ఇచ్చే సంస్థల్లో ఒకటి స్లాక్‌లో మాట్లాడుతుంది, ఇంకొకటి టీమ్స్‌లో. పుస్తకాలు వేసేవాళ్లు వాట్సాప్ తప్ప మరొకటి వాడరు. పారిభాషిక పదాల మీద తర్జనభర్జనలు జరిగే బృందం టెలిగ్రామ్‌లో ఉంది. అక్క, బావ, పిన్ని పిల్లల దగ్గర నుంచి అపార్ట్‌మెంట్ సంఘం వరకు మిగిలిన లోకమంతా వాట్సాప్ గ్రూపులే. వీటిలో ఏ ఒక్కటీ నేను గుణదోషాలు పోల్చి చూసి ఎంచుకున్నది కాదు. అవతలివాళ్లు ఎక్కడుంటే మనమూ అక్కడికి వెళ్లాలి. వాళ్లు అక్కడ ఎందుకున్నారంటే వాళ్లతో మాట్లాడేవాళ్లు అక్కడున్నారు. ఫోను మాటలకు ఈ చిక్కు లేదు. ఏ కంపెనీ నంబరు నుంచి ఏ కంపెనీ నంబరుకైనా మాట్లాడవచ్చు, కంపెనీ నచ్చకపోతే 2011 నుంచి నంబరు మార్చకుండానే వేరే కంపెనీకి వెళ్లిపోవచ్చు. ఈమెయిలూ అంతే. చాట్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒక ప్రహరీలో ఉన్నవాళ్లు ఆ ప్రహరీలోని వాళ్లతోనే మాట్లాడగలరు, కాబట్టి మనం అన్ని ప్రహరీల్లోనూ ఒక్కో ఖాతా తెరిచి తిరుగుతున్నాం.

ఫోనులో అన్నీ ఉండగా ఇదంతా కంప్యూటర్ మీదికి ఎందుకు తేవాలని అడిగేవాళ్లు సాధారణంగా తెలుగులో నాలుగు వాక్యాలకు మించి టైపు చేయనివాళ్లై ఉంటారు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద పది వేళ్లతో రాయడానికి అలవాటుపడిన మనిషికి ఫోను తెర మీద గుణింతాలు, ఒత్తులు వెతుక్కోవడం పెద్ద శిక్ష. పైగా పంపవలసిన ఫైళ్లు, చూసి రాయవలసిన నిఘంటువులు అన్నీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. ఒక సందేహానికి జవాబు రాయడానికి ఫోను చేతిలోకి తీసుకున్నవాడు జవాబు రాసి ఊరుకోడన్న సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే అన్ని చాట్లనూ కలిపేయాలన్న ఆలోచన కొత్తది కాదు, దానికి పాతికేళ్ల చరిత్ర ఉంది, ఆ చరిత్ర తెలియకపోతే నేటి బీపర్ ఏదో అద్భుతంలా కనిపిస్తుంది. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో మన పట్టణాల్లోని నెట్ సెంటర్లకు వెళ్లినవాళ్లకు యాహూ మెసెంజర్ గుర్తుండే ఉంటుంది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కొడుకుతో మాట్లాడటానికి గంటకింత అని కట్టి, చెక్క గదిలో కూర్చుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, గొంతు చించుకున్న తల్లిదండ్రులు అప్పట్లో ప్రతి వీధిలోనూ ఉండేవారు. అప్పటికే ప్రపంచంలో ఐసీక్యూ (1996), ఏఓఎల్ వారి ఎయిమ్ (1997), యాహూ (1998), ఎంఎస్ఎన్ (1999) అని నాలుగు ప్రహరీలు లేచాయి. గెయిమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 1998లో ఎయిమ్ కోసమే మొదలై, తర్వాత వీటన్నిటి ఖాతాలనూ ఒకే స్నేహితుల జాబితాలో చూపించే స్థాయికి ఎదిగింది. పేరు విషయంలో ఏఓఎల్‌తో వచ్చిన తగాదా తర్వాత 2007లో అది పిడ్జిన్ అయింది. ట్రిలియన్ 2000లో వచ్చింది.

ఇవి పనిచేసిన పద్ధతి గమనించదగ్గది. కంపెనీలు సాధారణంగా తమ సర్వర్‌తో ఎలా మాట్లాడాలో బయటివాళ్లకు పూర్తిగా చెప్పేవి కావు. అసలు యాప్‌కూ సర్వర్‌కూ మధ్య నడిచే డేటాను గమనించి, ఆ భాషను ఊహించి, అదే భాషలో మాట్లాడే యాప్‌ను వీళ్లు రాసుకునేవారు. కంపెనీకి నచ్చకపోతే సర్వర్‌లో చిన్న మార్పు చేసేది, బయటి యాప్‌లన్నీ ఆగిపోయేవి, వాటిని రాసినవాళ్లు మళ్లీ రాత్రింబవళ్లు కూర్చుని కొత్త భాష కనిపెట్టేవారు. ఇందులో చిన్నవాళ్లే నలిగారని అనుకోకండి. 1999లో మైక్రోసాఫ్ట్ తన ఎంఎస్ఎన్ మెసెంజర్ నుంచి ఎయిమ్ వాడుకదార్లతో మాట్లాడే వీలు పెట్టింది; ఏఓఎల్ దాన్ని అడ్డుకుంది, మైక్రోసాఫ్ట్ దారి మార్చింది, ఏఓఎల్ మళ్లీ అడ్డుకుంది, కొన్ని నెలల తర్వాత అంతటి కంపెనీ కూడా ఆ ప్రయత్నం వదులుకుంది. 2002లో ట్రిలియన్‌ను ఏఓఎల్, 2004లో బయటి యాప్‌లను యాహూ అలాగే అడ్డుకున్నాయి.

మధ్యలో ఒక మంచి కాలం కూడా వచ్చింది. జాబర్ పేరుతో 1999లో మొదలై తర్వాత ఎక్స్ఎంపీపీ అని పిలవబడిన బహిరంగ ప్రమాణాన్ని ఆధారం చేసుకుని గూగుల్ 2005లో టాక్ అనే చాట్ సర్వీసును తెచ్చింది, మరుసటి ఏడాది బయటి సర్వర్లతో కూడా మాట్లాడుకునేలా తలుపులు తెరిచింది. యాహూ, మైక్రోసాఫ్ట్ 2006లో తమ మెసెంజర్ల మధ్య నేరుగా చాట్ నడిచే ఏర్పాటు చేసుకున్నాయి. ఫేస్‌బుక్ చాట్ కూడా 2010లో ఎక్స్ఎంపీపీ ద్వారా బయటి యాప్‌లకు దారి ఇచ్చింది. ఆ రోజుల్లో పిడ్జిన్ తెరిచినవాడికి సమస్య తీరిపోయిందనే అనిపించేది. తర్వాత యాహూ, మైక్రోసాఫ్ట్ ఒప్పందం 2012లో ముగిసింది. 2013లో టాక్ స్థానంలో హ్యాంగౌట్స్ తెస్తూ గూగుల్ ఆ తలుపు మూయడం మొదలుపెట్టింది. 2015లో ఫేస్‌బుక్ మూసేసింది. ఎవరి అనుమతీ అడగలేదు, అడగవలసిన అవసరం వాళ్లకు లేదు. 2017లో ఎయిమ్, 2018లో యాహూ మెసెంజర్, 2024లో ఐసీక్యూ, 2025 మే నెలలో స్కైప్ ఏకంగా కాలగర్భంలో కలిశాయి. విచిత్రమేమిటంటే, వాటిని కలిపి చూపించిన పిడ్జిన్, ట్రిలియన్ మాత్రం ఇప్పటికీ ఉన్నాయి, కలపడానికి పెద్దగా ఏమీ మిగలకపోయినా.

ఈ చరిత్ర నుంచి నాకు అర్థమయ్యేది ఒక్కటే. అవతలి కంపెనీ ఒప్పుకోకుండా దాని సర్వర్‌లోకి దూరి మెసేజీలు తెచ్చుకునే యాప్ ఎంత తెలివిగా రాసినదైనా, ఆ కంపెనీ ఊరుకున్నంతకాలమే పనిచేస్తుంది. మన పని దాని మీద ఆధారపడి ఉంటే, మన పని కూడా అంతకాలమే నడుస్తుంది.

ఇప్పుడు గడుల యాప్‌ల సంగతి చూద్దాం. ఆస్ట్రియాలోని వియన్నాలో మొదలైన ఫ్రాంజ్ గాని, రామ్‌బాక్స్ గాని, ఫ్రాంజ్‌లో మధ్యమధ్య ఎదురయ్యే చందా తెరతో విసిగినవాళ్లు 2019లో విడగొట్టుకున్న ఫెర్డి గాని, అక్కడ వచ్చిన భేదాభిప్రాయాల తర్వాత 2022లో ఇంకొందరు మొదలుపెట్టిన ఫెర్డియం గాని చేసే పని చాలా సాదాది. ఇవన్నీ లోపల బ్రౌజర్లే. గిట్‌హబ్ సంస్థ తన ఆటమ్ ఎడిటర్ కోసం తయారుచేసుకున్న ఎలక్ట్రాన్ అనే చట్రంలో క్రోమ్‌కు మూలమైన క్రోమియం బ్రౌజర్‌ను పెట్టి, ఎడమ పక్కన ఒక పట్టీలో సర్వీసుల గుర్తులను పేర్చి, దేన్ని నొక్కితే దాని వెబ్ పేజీని చూపిస్తాయి. ఒక్కో సర్వీసుకు చదవని మెసేజీలు ఎన్నున్నాయో లెక్కపెట్టి గుర్తు మీద చూపించే చిన్న స్క్రిప్టును ఫెర్డియం వాళ్లు వంటకాల పద్ధతి అన్నట్టు రెసిపీ అంటారు. అంతే. ఎవరి భాషనూ ఊహించడం లేదు, ఎవరి సర్వర్‌లోకీ దొంగదారిన వెళ్లడం లేదు. వాట్సాప్ 2015 జనవరిలో తనంతట తానే వెబ్ వెర్షన్‌ను తెచ్చింది. 2021 నుంచి ఫోను ఆన్‌లైన్‌లో లేకపోయినా నాలుగు పరికరాల దాకా కలుపుకోనిస్తోంది. ఆ పేజీనే ఫెర్డియం తెరుస్తుంది. క్రోమ్‌లో తెరిస్తే ఏమి కనిపిస్తుందో ఇక్కడా అదే కనిపిస్తుంది.

అలాంటప్పుడు క్రోమ్‌లో ఐదు ట్యాబులు తెరుచుకుంటే చాలదా అని అడగవచ్చు. రెండు కారణాల వల్ల చాలదు. మొదటిది, ఒకే సర్వీసులో రెండు ఖాతాలు ఉన్నవాళ్లకు, ఉదాహరణకు ఇంటి నంబరుకు ఒక వాట్సాప్, పని నంబరుకు మరొకటి ఉన్నవాళ్లకు, బ్రౌజర్ ఒకే లాగిన్‌ను గుర్తుంచుకుంటుంది కనుక వేర్వేరు ప్రొఫైళ్లు పెట్టుకుని అవస్థపడాలి. గడుల యాప్‌లో ప్రతి గడికీ దాని కుకీలు, అంటే లాగిన్‌ను గుర్తుంచుకునే చిన్న గుర్తులు, దానివే. రెండో కారణం నా దృష్టిలో అసలైనది, దాని గురించి కాసేపట్లో చెబుతాను.

వీటి మీద ఉన్న పెద్ద ఫిర్యాదు మెమరీ. ప్రతి గడీ ఒక పూర్తి వెబ్ పేజీ కనుక ఒక్కోటి కొన్ని వందల మెగాబైట్లు తింటుంది. 8 జీబీ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఆరేడు గడులు తెరిస్తే పక్కన ఇంకేదైనా పెద్ద ఫైలు తెరవడానికి భయపడాల్సి వస్తుంది. ఈ ఫిర్యాదు నిజమే. కానీ దీన్ని గడుల యాప్‌ల మీద మాత్రమే నెట్టడం అన్యాయం. స్లాక్, డిస్కార్డ్, సిగ్నల్ వారి సొంత డెస్క్‌టాప్ యాప్‌లు కూడా ఎలక్ట్రాన్ మీదే నడుస్తాయి. టీమ్స్, యాప్ లోపల వెబ్ పేజీని చూపించే మైక్రోసాఫ్ట్ వారి వెబ్‌వ్యూ మీద నడుస్తుంది. విండోస్ కోసం విడిగా రాసిన తేలికైన యాప్ ఒకటి వాట్సాప్‌కు ఉండేది. 2025లో దాన్ని కూడా తీసేసి వెబ్ పేజీకి చట్రం కట్టినదాన్నే యాప్‌గా ఇవ్వడం మొదలుపెట్టారు. పెద్దవాటిలో టెలిగ్రామ్ డెస్క్‌టాప్ ఒక్కటే ఇంకా కష్టపడి సొంతంగా రాసుకున్న యాప్‌లా కనిపిస్తుంది. సర్వీసుల సొంత యాప్‌లే చట్రం కట్టిన వెబ్ పేజీలైనప్పుడు, ఆ చట్రం ఎవరిదన్నదే మిగిలిన ప్రశ్న. నాదై ఉంటే మేలు. ఫెర్డియంలో కొంతసేపు చూడని గడిని నిద్రపుచ్చే సదుపాయం ఉంది, మెమరీ తిరిగి వస్తుంది. నిద్రపోయిన గడికి నోటిఫికేషన్లు రావు. దాన్ని కొందరు లోపమంటారు. నాకు అదే కావాలి.

దీనితో అసలు కారణానికి వచ్చాం. ఫెర్డియంలో గడులను వర్క్‌స్పేస్‌లుగా విడదీసుకోవచ్చు. నాకు మూడున్నాయి: పని, ఇల్లు, ఇష్టం. పని వర్క్‌స్పేస్‌లో ఉన్నప్పుడు స్లాక్, టీమ్స్, ప్రచురణకర్తల నంబరున్న వాట్సాప్ మాత్రమే కనిపిస్తాయి. గుడ్ మార్నింగ్ గులాబీలు, నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందన్న చర్చ, ఎవరో ఎవరికో పంపిన ఆరోగ్య చిట్కా, అవన్నీ వచ్చి పడుతూనే ఉంటాయి గాని నా కంటికి కనబడవు. సాయంత్రం ఇల్లు వర్క్‌స్పేస్‌కు మారితే ఆఫీసు గడులు మాయమవుతాయి. ఇంకా మంచి సంగతి, ఇన్ని సర్వీసుల రద్దీనీ ఒక్క కిటికీ మూస్తే ఆపవచ్చు. ఐదు యాప్‌లు ఐదు చోట్ల తెరిచి ఉన్నప్పుడు ఆ పని ఎవరమూ చేయం. ఒకటో రెండో మూసి మిగిలినవి తెరిచే ఉంచుతాం, అవి టాస్క్‌బార్ మీద ఎర్ర చుక్కలతో పిలుస్తూనే ఉంటాయి. అన్నిటినీ చూడటానికి ఒక యాప్ కావాలని జనం అంటారు. అన్నిటినీ ఒకేసారి మూయడానికి నాకు ఒక యాప్ కావాలి.

కలగలిసిన జాబితాలో ఇది సాధ్యం కాదా అంటే, వడపోతలు పెట్టుకుని కొంతవరకు సాధించవచ్చు. కానీ అలాంటి జాబితా మనిషి మనసు మీద చేసే పని వేరు. పైన ఎడిటర్‌గారి ప్రశ్న, దాని కింద మేనల్లుడి బొమ్మ, దాని కింద టీమ్స్‌లో మీటింగు పిలుపు, మళ్లీ దాని కింద బావగారి ఫార్వర్డ్. తెలుగులో రాసేవాళ్లకు ఇందులో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. మనం ప్రతి మాటలోనూ ఎదుటివారి స్థానాన్ని పలకాలి: నువ్వా, మీరా, అండీయా, రాయా. క్రియ చివర దాకా ఆ గౌరవం వెంట వస్తుంది. ఎవరితో మాట్లాడుతున్నామన్నది గది మారినప్పుడు మనసుకు తెలిసినంత బాగా, ఒకే జాబితాలో పై వరస నుంచి కింది వరసకు దిగినప్పుడు తెలియదు. "ఎప్పుడు పంపుతావురా" అన్నది ఎవరికి వెళ్లాలో వాళ్లకే వెళ్లాలంటే గోడలు ఉండటమే మంచిది. ఆకుపచ్చ వాట్సాప్, ఊదా రంగు టీమ్స్ పట్టీలు అందానికి పెట్టినవే కావచ్చు, కానీ నేనెక్కడున్నానో అవే నాకు చెబుతాయి.

కలగలిసిన జాబితాను సమర్థించేవాళ్లు ముఖ్యంగా వెతుకులాట గురించి చెబుతారు. ఫలానా ఫైలు ఎవరు ఎక్కడ పంపారో గుర్తులేదు, అన్నిట్లో ఒకేసారి వెతికితే దొరుకుతుంది కదా అని. ఈ మాటలో బలం ఉంది, ఒప్పుకుంటాను. ఫెర్డియంలో ఒక్కో గడిలోకీ వెళ్లి విడివిడిగా వెతకాలి. అయితే తెలుగువాళ్ల చాట్లలో వెతుకులాట ఎంతవరకు సాగుతుందో కూడా చూడాలి. ఒకరు తెలుగు లిపిలో రాస్తారు, పదిమంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో తలా ఒక స్పెల్లింగుతో రాస్తారు, మిగిలినవాళ్లు వాయిస్ మెసేజ్ పెడతారు. "రసీదు" అని అన్ని సర్వీసుల్లో ఒకేసారి వెతికినా దొరకనిది దొరకదు. ఎవరు పంపారో, ఏ పని సందర్భంలో పంపారో గుర్తుచేసుకుని ఆ గదిలోకి వెళ్లి పైకి జరుపుకుంటూ పోవడమే ఇప్పటికీ మనకున్న నమ్మకమైన పద్ధతి.

ఇక బీపర్. పెబుల్ అనే స్మార్ట్‌వాచ్‌ను తయారుచేసిన ఎరిక్ మిజికోవ్‌స్కీ దీన్ని మొదలుపెట్టారు. ఇది మ్యాట్రిక్స్ అనే బహిరంగ ప్రమాణం మీద కట్టినది. వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ వంటివాటికి బ్రిడ్జి అనే మధ్యవర్తి ప్రోగ్రాములు ఉంటాయి, అవి అక్కడి మెసేజీలను మ్యాట్రిక్స్ మెసేజీలుగా మార్చి ఒకే జాబితాలోకి చేరుస్తాయి. ఇదే పనిని సర్వర్ల మీద కాకుండా మన కంప్యూటర్‌లోనే చేసే టెక్స్ట్స్ అనే యాప్‌ను అస్సాంలోని డిబ్రూగఢ్‌కు చెందిన కిషన్ బగారియా తయారుచేశారు. వర్డ్‌ప్రెస్.కామ్‌ను నడిపే ఆటోమాటిక్ సంస్థ 2023 అక్టోబరులో టెక్స్ట్స్‌ను 5 కోట్ల డాలర్లకు, 2024 ఏప్రిల్‌లో బీపర్‌ను 12.5 కోట్ల డాలర్లకు కొని రెండింటినీ కలిపేసింది. కాబట్టి ఇది పిల్లల ఆట కాదు, ఈ కోరికకు మార్కెట్టు ఉంది.

చిక్కు ఎన్‌క్రిప్షన్ దగ్గర వస్తుంది. వాట్సాప్ 2016 నుంచి మెసేజీలను పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని పద్ధతిలో పంపుతోంది. మధ్యలో ఒక బ్రిడ్జి కూర్చుని ఆ మెసేజీని మార్చి వేరే చోటికి పంపాలంటే, ఆ బ్రిడ్జి దాన్ని ముందు విప్పాలి. బ్రిడ్జి బీపర్ కంపెనీ సర్వర్‌లో నడిస్తే విప్పడం అక్కడే జరుగుతుంది. బీపర్ వాళ్లు దీన్ని దాచలేదు; 2025లో కనెక్షన్లను వాడుకదారు పరికరంలోనే నడిపే పద్ధతికి మారారు, అది మెచ్చుకోదగ్గ మార్పు. కానీ పాత సమస్య అలాగే ఉంది: అవతలి కంపెనీ ఊరుకోవాలి. 2023 డిసెంబరు 5న బీపర్ మినీ పేరుతో ఆండ్రాయిడ్ ఫోన్లలోకి ఆపిల్ పరికరాలకే పరిమితమైన ఐమెసేజ్‌ను తెచ్చారు. దాని వెనుక ఉన్న పరిశోధన ఒక 16 ఏళ్ల హైస్కూలు విద్యార్థిది. మూడు రోజులు తిరగకముందే ఆపిల్ దాన్ని అడ్డుకుంది. తర్వాత కొన్ని వారాలు అదే దాగుడుమూతలు నడిచాయి, చివరికి బీపర్ వెనక్కి తగ్గింది. 1999 నాటి కథే, కంపెనీల పేర్లు మాత్రమే మారాయి.

గడుల యాప్‌లు మాత్రం పూర్తిగా నమ్మదగ్గవా అంటే, వాటినీ ప్రశ్నించవలసిందే. వెబ్ పేజీలో మెసేజీ మన కళ్లకు కనిపిస్తోందంటే అప్పటికే విప్పబడి ఉందని అర్థం, ఆ పేజీని పట్టుకున్న చట్రం దాన్ని చదవాలనుకుంటే చదవగలదు. అందుకే కోడ్ బహిరంగంగా ఉన్న యాప్‌నే వాడతాను, దాన్ని ఖాతా లేకుండా వాడుకునే వీలుంటే ఖాతా తెరవను, అప్‌డేట్లు ఆగిపోయిన రోజున తీసేస్తాను. పాత క్రోమియంతో నడిచే బ్రౌజర్‌లో నా మొత్తం సంభాషణలను ఉంచడం కన్నా ట్యాబుల అవస్థే నయం. ఆఫీసువాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఇంటి వాట్సాప్ పెట్టుకోవడం ఎవరికీ సలహా ఇవ్వను, గడి ఏదైనా సరే. బ్యాంకు ఓటీపీలు వచ్చే ఎస్సెమ్మెస్‌లను కంప్యూటర్ మీదికి తెచ్చే గూగుల్ మెసేజెస్ గడిని కూడా నేను పెట్టలేదు. సిగ్నల్‌కు వెబ్ వెర్షన్ లేదు కనుక అది ఈ పెట్టెలో ఎలాగూ ఇమడదు. దాన్ని దాని సొంత యాప్‌లోనే వాడాలి. జీబీ వాట్సాప్ లాంటి, బయటివాళ్లు అనుమతి లేకుండా మార్చిన యాప్‌లు వాడి ఖాతాలు నిలిచిపోయిన సంగతులు మన చుట్టూ చాలామందికి తెలుసు. వెబ్ పేజీని ఉన్నదున్నట్టు చూపించే చట్రాన్ని వాటితో ఒకే గాటన కట్టకూడదు గాని, నియమాలను మార్చే అధికారం రెండు సందర్భాల్లోనూ సర్వీసు చేతిలోనే ఉందని మరవకూడదు.

సర్వీసు చేతిలోనే కాదు, ప్రభుత్వం చేతిలో కూడా. కేంద్ర టెలికాం శాఖ 2025 నవంబరు 28న మెసేజింగ్ కంపెనీలకు ఒక ఆదేశం ఇచ్చింది. ఖాతా ఏ సిమ్‌తో నమోదైందో ఆ సిమ్ ఫోనులో లేకపోతే యాప్ పనిచేయకూడదని, వెబ్ వెర్షన్లు ఆరు గంటలు మించకుండా లాగౌట్ కావాలని, మళ్లీ క్యూఆర్ కోడ్‌తోనే కలుపుకోవాలని, 90 రోజుల్లో ఇది జరగాలని అందులో ఉంది. దేశం బయట కూర్చుని మన నంబర్లతో డిజిటల్ అరెస్టుల వంటి మోసాలు చేసేవాళ్లను ఆపడం దీని ఉద్దేశం. ఆ మోసాలకు జీవితకాలపు పొదుపును పోగొట్టుకున్నవాళ్లు తెలుగునాట కూడా ఉన్నారు కాబట్టి ఉద్దేశాన్ని తప్పుపట్టను. కానీ కంప్యూటర్ మీద రోజంతా పనిచేసే మనిషిని పూటకోసారి ఫోను తీసి కోడ్ స్కాన్ చేయమనడం, మోసగాడికన్నా పనివాడినే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కోడ్ స్కాన్ చేయడానికి మోసగాడికి తీరిక బాగానే ఉంటుంది. మోసగాడి సిమ్ అతని చేతిలోనే ఉంటే ఈ ఆరు గంటల నియమం అతన్ని ఎలా ఆపుతుందో నాకు బోధపడలేదు. గడుల యాప్ వెబ్ వెర్షన్ల మీద ఆధారపడింది కనుక ఈ నియమం నేరుగా దాని మీదే పడుతుంది. ఇది నా వాదనకు వ్యతిరేకంగా వాడదగిన విషయమే, దాచడం ఎందుకు.

అసలు పరిష్కారం యాప్ తయారుచేసేవాళ్ల చేతిలో లేదు, నెట్‌వర్కులను నడిపేవాళ్లను ఒకరితో ఒకరు మాట్లాడమని చెప్పగలిగినవాళ్ల చేతిలో ఉంది. మన దేశంలో దీనికి చేతికందే దూరంలో ఒక ఉదాహరణ ఉంది. 2016లో యూపీఐ వచ్చాక ఫోన్‌పే వాడే మనిషి గూగుల్ పే వాడే కూరగాయలావిడకు డబ్బు పంపడానికి ఇద్దరూ ఒకే యాప్‌లో ఉండవలసిన అవసరం లేకుండా పోయింది. డబ్బు విషయంలో చేయగలిగింది మాట విషయంలో ఎందుకు చేయలేమన్నది న్యాయమైన ప్రశ్న. జోహో వారి అరట్టై అనే మెసేజింగ్ యాప్ 2025 సెప్టెంబరులో ఒక్కసారిగా జనం నోళ్లలో పడినప్పుడు జోహో సహ వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు కూడా ఇదే మాట అన్నారు: మెసేజింగ్ కూడా యూపీఐ లాగా, ఈమెయిలు లాగా ఒకదానితో ఒకటి కలిసి పనిచేసేదిగా ఉండాలని. కొత్తగా వచ్చేవాడు ఆ మాట అనడంలో స్వార్థం ఉండవచ్చు. గూగుల్ కూడా చాట్‌లోకి కొత్తగా వచ్చినప్పుడు ఇలాగే తలుపులు తెరిచిందని పైన చెప్పాను. అందుకే మాట ఎవరిదన్నది కాక, నియమం రాతలో ఉందా లేదా అన్నది చూడాలి.

రాతలో పెట్టవలసిన అవసరం మన రాష్ట్రాలకు ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న "మన మిత్ర" పేరుతో 161 సేవలను వాట్సాప్ ద్వారా ఇవ్వడం మొదలుపెట్టింది. ధ్రువపత్రం కోసం కార్యాలయం చుట్టూ తిరిగే శ్రమ తగ్గించే ఏ ఏర్పాటైనా మంచిదే, దాన్ని వాడినవాళ్ల సంతోషం కాదనలేనిది. కానీ పౌరుడికీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న దారి ఒక ప్రైవేటు ప్రహరీ గుండా పోతున్నప్పుడు, ఆ ప్రహరీ లోపల ఖాతా లేనివాడు కూడా తనకు నచ్చిన మెసేజింగ్ సర్వీసు నుంచి అదే సేవను అందుకోగలగాలని అడగడం అత్యాశ కాదు.

ఐరోపా సమాఖ్య దీన్ని చట్టంగా చేసింది. డిజిటల్ మార్కెట్ల చట్టం కింద 2023 సెప్టెంబరులో వాట్సాప్‌నూ మెసెంజర్‌నూ గేట్‌కీపర్ సర్వీసులుగా, అంటే మార్కెట్టుకు దారి తమ చేతిలో ఉన్న పెద్ద సర్వీసులుగా, గుర్తించారు. అడిగిన ఇతర సర్వీసులతో ముందు ఇద్దరి మధ్య చాట్, తర్వాత గ్రూపులు, ఆ తర్వాత కాల్స్ కలిసేలా చేయాలని గడువులు పెట్టారు. ఎన్‌క్రిప్షన్ స్థాయి తగ్గకూడదన్నది షరతు. సాగుతున్న తీరు మెల్లగానే ఉంది, సిగ్నల్ వంటి సర్వీసులు తమ గోప్యతా ప్రమాణాలు దెబ్బతింటాయని ఇందులో చేరడానికి ఇష్టపడలేదు, వాళ్ల కారణాలు తీసిపారేయదగ్గవి కావు. అయినా ఇది దొంగదారి కాదు, రాజమార్గం. రేపు పొద్దున సర్వర్‌లో ఏదో మార్చి మూసేయడానికి వీల్లేదు.

అక్కడ వాట్సాప్ సిద్ధం చేసిన ఏర్పాటులో ఒక వివరం నాకు ఆసక్తి కలిగించింది. బయటి సర్వీసుల చాట్లు తనంతట తాను మన మీద రుద్దదు, కావాలంటేనే తెరుచుకోవచ్చు. తెరుచుకున్నాక అవి వాట్సాప్ చాట్లతో కలిపి ఒకే జాబితాలో కనిపించాలా, విడిగా ఒక చోట ఉండాలా అన్నది వాడుకదారే ఎంచుకోవచ్చు. నెట్‌వర్కులను కలపడం, జాబితాలను కలపడం రెండూ వేర్వేరు పనులని ఆ ఏర్పాటును గీసినవాళ్లకు తెలుసు. మొదటిది మన దేశంలోనూ రావాలని అడుగుతాను. రెండోదాని దగ్గర మాత్రం నేను "విడిగా" అన్న బొత్తామే నొక్కుతాను.